ఎముకలకి డూపు

ఫిల్మ్‌నగర్‌లో అరవై దాటిన మనుషులందరినీ వరసగా నిలబెట్టి చూస్తే, ఒంట్లో ఒక్క ఎముక కూడా అరగనిది, తరగనిది, విరగనిది తనొక్కతేనని పుష్పవల్లి సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ప్రకటించింది. పదింటికల్లా అది అబద్ధమని తేలిపోయింది.

తేల్చినవాడు టైలర్ లియో మాస్టర్. సినిమా ఆఫీసు మేడ మీద, ఇస్త్రీ బల్లకీ బట్టల స్టాండ్లకీ మధ్య ఆవిణ్ణి నిలబెట్టి, మెడ వెనక నించి మడమ దాకా టేపు జార్చాడు. గౌను కోసం. అవును, అరవయ్యేడేళ్ల పుష్పవల్లికి నేల ఊడ్చే మెరుపుల గౌను. సినిమాలో ఆవిడ హీరోయిన్‌కి మామ్మ. మనవరాలి పుట్టినరోజు పార్టీలో మామ్మ ఆ గౌను వేసుకుని, మేడ మెట్ల పక్కనున్న చెక్క రెయిలింగ్ మీద కూచుని, పైనించి కిందికి జర్రున జారి, అతిథుల మధ్యలో దిగుతుంది. కథ విన్నరోజు పుష్పవల్లి ఆనందం పట్టలేక ఆఫీస్ వాచ్‌మన్‌కి కూడా నమస్కారం పెట్టింది. ఈ మధ్య సినిమాల్లో ఆవిడ వేసినవన్నీ ఒక రోజు, రెండు రోజుల వేషాలు. హారతి పట్టడం, శవం దగ్గర ఏడవడం, "బాబుగారొచ్చారు!" అని అరవడం. ఇది పదకొండు రోజుల వేషం! పోస్టర్ మీద పేరు! పైగా రెయిలింగ్ షాటు!

"డూపు వద్దు రిత్విక్ బాబూ, నేనే జారతాను" అని డైరెక్టర్‌కి మాటిచ్చేసింది కూడా. రిత్విక్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. మొదటి సినిమా. ఎవరేం చెప్పినా ముచ్చట పడిపోయే వయసు.

లియో మాస్టర్ టేపు చూశాడు. తన పాత కొలతల పుస్తకం చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ టేపు చూశాడు.

"అమ్మగారూ, నాలుగేళ్ల కింద సీరియల్లో రాణీగారి గౌను కుట్టాను మీకు. గుర్తుందాండీ?"

"ఆ గౌనుకి మూడు రాష్ట్రాల నించి ఉత్తరాలొచ్చాయయ్యా. గుర్తు లేకపోవడమేంటి?"

"అప్పటికీ ఇప్పటికీ ఇంచిన్నర తగ్గారండీ."

"నడుమా?" అంది పుష్పవల్లి సంబరంగా.

"పొడుగండీ."

పుష్పవల్లి రెప్ప కొట్టలేదు. "నీ టేపు సాగిపోయింది మాస్టారూ. సాగిన టేపుతో కొలిస్తే మనిషి తగ్గినట్టే కనపడుతుంది."

మాట నిజమే. లియో మాస్టర్ ఒప్పుకుని, సొరుగులోంచి కొత్త టేపు తీసి, దాని ప్లాస్టిక్ కవరు ఆవిడ ఎదురుగానే చించి, మళ్లీ కొలిచాడు. ఇంచిన్నర. ఎక్కడికీ పోలేదు.

"ఇవాళ వంగి నిలబడ్డానేమో."

"నిటారుగానే ఉన్నారండీ. వీపే కాస్త ముందుకొచ్చింది" అన్నాడు లియో, పూలదండ వేస్తున్నంత మర్యాదగా.

సరిగ్గా అప్పుడే హరిణి ట్యాబ్ పట్టుకుని మేడెక్కింది. హరిణి అసిస్టెంట్ డైరెక్టరు, కంటిన్యుటీ చూస్తుంది. ఒక సీన్లో ఎవరి గాజులు ఏ చేతికున్నాయో, ఎవరి బొట్టు ఎంత జారిందో ఆరు నెలల తరవాత కూడా చెప్పగలదు. ఆ పిల్ల పెళ్లిచూపులకి వెళితే పెళ్లికొడుకు చొక్కాకి రెండో గుండీ మార్చారని పట్టుకుంటుందని యూనిట్లో చెప్పుకుంటారు.

"అమ్మా, ఇన్సూరెన్స్ వాళ్లు కొత్త రూల్ పెట్టారు. అరవై దాటిన ఆర్టిస్టులందరికీ ఎముకల స్కానింగ్ చేయించాలంట. వేరే సినిమాలో ఒక తాతగారు క్యారవాన్ మెట్టు దిగుతూ పడితే తుంటి విరిగిందంట కదా, రెండు నెలలు షూటింగ్ ఆగిపోయింది. మీకు రేపు పదకొండింటికి బంజారా హిల్స్‌లో అపాయింట్‌మెంట్. నొప్పేం ఉండదు, బల్ల మీద పడుకుంటే పైనించి మిషన్ వెళ్తుంది, అంతే."

"ఓస్, అంతేనా!" అంది పుష్పవల్లి. "నా ఎముకలు చూసి ఆ మిషనే సిగ్గుపడుతుంది."

లియో మాస్టర్ కొత్త టేపుని వేలికి చుట్టుకున్నాడు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం, ఎందుకో, పుష్పవల్లి గోడ పట్టుకుని దిగింది. ఆవిడ తల్లి కాకినాడలో ఉతికిన దుప్పటి దండెం మీద వేస్తూ పడింది. తుంటి విరిగింది. మళ్లీ లేవలేదు.

కింద గేటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం మళ్లీ వెలిగిపోయింది. ఉపాయం తట్టింది! సినిమావాళ్లకి తప్ప ఇంకెవరికీ తట్టని ఉపాయం. పడాల్సిన చోట ఎవర్ని పంపిస్తారు? డూపుని. దూకాల్సిన చోట? డూపుని. మరి స్కానింగ్‌కి?

*

దేవమ్మ బోరబండ నించి ఆటోలో వచ్చి, టీ కొట్టు ముందు దిగి, విషయమంతా విని, గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, జాకెట్లోంచి పఫ్ తీసి రెండుసార్లు పీల్చి, మళ్లీ నవ్వింది.

"ఏందక్కా! నలభై ఏండ్ల సంది నీ బదులు గోడలు దుంకిన. గుర్రం మీదికెళ్లి పడ్డ. బాయిల పడ్డ. ఒక్కపాలి మంటల్ల గూడ ఉరికిన. ఇప్పుడు ఉత్తగ పండుకునుడేనా? గిది మస్తుగుంది! ఏసీ ఉంటదా?"

"ఉంటుందే."

"దిండు?"

"దిండు కూడా ఉంటుంది. నువ్వు గురక పెట్టకపోతే చాలు."

దేవమ్మకి అరవై రెండు. పుష్పవల్లి ఎంత పొడుగో అంతే పొడుగు. అలా ఉంది కాబట్టే ఇద్దరూ ఇరవైల్లో ఉండగా మొదటిసారి పుష్పవల్లి చీర దేవమ్మకి కట్టి మేడ మీంచి తోశారు. వెనకనించి చూస్తే ఎవరు ఎవరో కన్నతల్లులు కూడా చెప్పలేరు. ముందునించి చూస్తే దేవమ్మ బండరాయి, పుష్పవల్లి అగరొత్తి. దేవమ్మ రెండు చేతులతో రెండు వాటర్ క్యాన్లు మోసుకుంటూ మూడంతస్తులెక్కి, పైన ఎవరితోనైనా పోట్లాడి, మళ్లీ కిందికి దిగగలదు. ఈవిడ ఎముకల్ని మిషన్ కింద పెడితే రిపోర్టు బదులు పతకం వస్తుందని పుష్పవల్లి లెక్క.

మర్నాడు పొద్దున పుష్పవల్లి ఇంట్లో మేకప్ జరిగింది. దేవమ్మకి పట్టుచీర, కళ్లజోడు, జుట్టుకి తెల్ల సవరం, మూతికి మాస్కు. ఆధార్ కార్డు పుష్పవల్లిది. ఆధార్ ఫోటోలో పుష్పవల్లి కూడా పుష్పవల్లిలా ఉండదు కాబట్టి ఆ విషయంలో ఇద్దరికీ బెంగ లేదు.

"ఏం అడిగినా లేదని చెప్పు. అండీ అని చేర్చు. నేను గోదావరి మనిషిని కదా."

"లేదండీ" అంది దేవమ్మ. "కాదండీ. రానండీ. పోనండీ."

"చాలు. నా కన్నా నువ్వే బాగా మాట్లాడుతున్నావు."

స్కానింగ్ సెంటర్లో దేవమ్మ పెద్ద నటిలా సోఫాలో కూచుంది. పుష్పవల్లి నేతచీర కట్టుకుని, సంచీ పట్టుకుని, పనిమనిషిలా పక్కన నిలబడింది. ఇద్దరికీ లోపల నవ్వు ఉడుకుతోంది. కౌంటర్ దగ్గర అమ్మాయి మాస్కు దించమని కూడా అనకుండా చిన్న కెమెరాతో దేవమ్మ ఫోటో తీసుకుని, కాగితం చూస్తూ గబగబా అడిగింది.

"ఇంతకుముందు ఎముకలేమైనా విరిగాయా?"

"లేదండీ."

"స్టెరాయిడ్ మందులు వాడుతున్నారా?"

"అబ్బే, అస్సలండీ."

"సిగరెట్టు, మందు?"

"శివశివా అండీ!"

"నెలసరి ఎన్నో ఏట ఆగింది? నలభై అయిదు లోపా?"

"లేదండీ" అంది దేవమ్మ. మరీ ముక్తసరిగా ఉందనిపించి, "యాభైయేళ్ల దాకా గడియారంలా వచ్చిందండీ" అని కలిపింది.

"అమ్మకి గానీ నాన్నకి గానీ తుంటి విరిగిందా?"

దేవమ్మ అరక్షణం ఆగి పుష్పవల్లి వైపు చూసింది. పుష్పవల్లి సంచీలో ఏదో వెతుక్కుంటోంది.

"లేదండీ."

"రోజూ ఎండలో ఎంతసేపు ఉంటారు?"

ఇక్కడ దేవమ్మ పాత్రలోకి పూర్తిగా దిగిపోయింది. "ఎండాండీ? ఎండ నాకెక్కడ తగుల్తుందండీ? గొడుగు పట్టడానికి మనిషి ఉందండీ" అని పుష్పవల్లిని చూపించింది.

బయటికొచ్చాక ఇద్దరూ గోడకి ఆనుకుని పావుగంట నవ్వారు. దేవమ్మకి నిజంగానే నిద్ర పట్టిందట మిషన్ కింద. "అక్కా, ఇట్లాంటి ఫాల్ షాట్లు ఇంకేమన్న ఉంటే చెప్పు, రోజూ జేస్త!" అంది.

*

బుధవారం సాయంత్రం పుష్పవల్లి తన గదిలో మంచం పట్టె మీద ఒకవైపుగా కూచుని, గౌను కుచ్చిళ్లు ఎటు పట్టుకోవాలో అద్దంలో చూసుకుంటోంది. ఫోను మోగింది.

"పుష్పవల్లిగారేనా? స్కానింగ్ సెంటర్ నించి డాక్టర్ని. మీరు కూచునే ఉన్నారా?"

"రెయిలింగ్ మీద ఉన్నానండీ" అంది పుష్పవల్లి హుషారుగా.

"దిగండి ముందు!" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో కంగారు విని పుష్పవల్లి నిజంగానే మంచం పట్టె దిగింది. "మీ రిపోర్టు చూశాను. మామూలుగా స్కోరు మైనస్ రెండున్నర దాటితేనే ఎముకలు గుల్లబారాయంటాం. మీకు వెన్నులో మైనస్ నాలుగు, తుంటిలో మైనస్ మూడున్నర. ఇది చాలా ఎక్కువ. కానీ ఫారంలో అన్నిటికీ లేదని రాశారు. ఏ కారణమూ లేకుండా ఇంత అవ్వదమ్మా. అందుకే నేనే ఫోన్ చేశాను. కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పండి."

పుష్పవల్లికి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. మిషన్ కింద పడుకున్నది దేవమ్మ.

"ఆయాసం గానీ, కీళ్లవాతం గానీ ఉందా? మాత్రలేమైనా వాడుతున్నారా?"

"ఉంది" అంది పుష్పవల్లి మెల్లిగా. "ఆయాసం. ఎక్కువైనప్పుడల్లా బోరబండ మందుల షాపు వాడు చిన్న తెల్లమాత్ర ఇస్తాడు. వేసుకోగానే తగ్గిపోతుంది."

"అదే స్టెరాయిడ్. ఎన్నాళ్ల నించి?"

"పదిహేనేళ్లు."

"నెలసరి ఎప్పుడు ఆగింది?"

"ముప్ఫై రెండో ఏట గర్భసంచి తీసేశారు. ఏదో క్యాంపులో."

"అండాశయాలు కూడానా?"

"అన్నీ తీసేశామన్నారంట."

"అంట ఏంటమ్మా?"

"అన్నారు. అన్నారు నాతో."

"చెయ్యో కాలో విరిగిందా?"

ఇది కూడా తెలుసు, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మూడేళ్ల కింద మణికట్టు. యూనిట్లో అందరికీ గుర్రం మీంచి పడ్డానని చెప్పింది దేవమ్మ. నిజానికి గుర్రం లేదు, ఏనుగూ లేదు. బాత్రూంలో చెంబు అందుకోబోయి కాలు జారింది. ఆ నిజం దేవమ్మ ఒక్క పుష్పవల్లికే చెప్పుకుంది. "చెంబు కోసం చెయ్యి ఇరిగిందంటే ఇజ్జత్ పోతదక్కా" అని.

"నిలబడ్డచోట జారిపడి విరిగిందంటే ఎముక అప్పుడే చెప్పిందన్నమాట" అంది డాక్టరమ్మ. "పొగ తాగుతారా?"

"బీడీలు. ఎవరూ చూడకుండా."

"మరి అన్నీ లేదని ఎందుకు రాశారండీ?"

పుష్పవల్లి ఆ మాట దాటేసింది. "డాక్టరుగారూ, మనిషి బాగా గట్టిగా ఉంటుంది కదా. అంటే ఉంటాను కదా. రెండు క్యాన్లు మోస్తాను. పుట్టినప్పటి నించీ ఎండలోనే పని."

"మంచిదే. ఆ పని వల్లే ఈమాత్రమైనా నిలబడ్డారేమో. కానీ కండ బయటికి కనపడుతుంది, ఎముక కనపడదు. నొప్పి కూడా ఉండదు, విరిగేదాకా చప్పుడు చెయ్యదు. మందులున్నాయి, భయపడకండి. ఆ తెల్లమాత్ర మాత్రం ఒక్కసారిగా మానెయ్యకండి, అదీ ప్రమాదమే. నేను చెప్పినట్టు మార్చుకుందాం. రేపో ఎల్లుండో రండి. వచ్చేదాకా బరువులెత్తొద్దు, వంగొద్దు, ముఖ్యంగా పడొద్దు. గట్టిగా తుమ్మినా జాగ్రత్తే."

ఫోను పెట్టిన రెండు నిమిషాలకి మళ్లీ మోగింది. ఈసారి హరిణి.

"అమ్మా, రిపోర్టు మాకూ వచ్చింది. ఏం టెన్షన్ పడకండి! రిత్విక్ సార్ మిమ్మల్ని తీసేసే ప్రసక్తే లేదన్నారు. వేషం మీదే, పోస్టరూ మీదే. ఒక్క రెయిలింగ్ షాటు మాత్రం డూపుతో తీసేస్తాం. కింద దిగాక మీ క్లోజప్. శుక్రవారం పొద్దున. దేవమ్మగారికి ఫోన్ చేసేశాను, ఎగిరి గంతేశారు!"

"గంతెయ్యొద్దని చెప్పు!" అని పుష్పవల్లి అరిచింది. అప్పటికే లైన్ కట్ అయిపోయింది.

*

గురువారం పొద్దున్నే పుష్పవల్లి బోరబండ వెళ్లింది. దేవమ్మ ఇంటి ముందు నీళ్ల డ్రమ్ముని రెండు చేతులా పట్టుకుని ఇటు నించి అటు జరుపుతోంది.

"వదులు! వదులే దాన్ని!"

ఆ కేకకి పక్కింటి మేక కూడా ఆగి చూసింది. దేవమ్మ డ్రమ్ము వదిలి, "ఏమైందక్కా, పామా?" అంది.

పుష్పవల్లి అరుగు మీద కూలబడి, డాక్టరమ్మ చెప్పినదంతా ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పింది. జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా, ఏమీ పెంచకుండా. బహుశా అందుకే కావచ్చు, వింటున్నంతసేపూ దేవమ్మ మొహంలో నవ్వు పెరుగుతూ వచ్చింది.

"అయిందా? మంచిగుంది కథ. ఈసారి నేను పడ."

"కథ కాదే!"

"ఆ యేడు ఫైట్ మాస్టర్ గొంతు జేసి ఫోన్ జేసినవ్ యాదుందా? ఎలుగుబంటి డ్రెస్ ఏసుకుని పొద్దుగాల అయిదింటికి కృష్ణానగర్ చౌరస్తల నిలబడమన్నవ్. నిలబడ్డ. కుక్కలన్ని ఎంటబడ్డయ్. ఇంకోపాలి నాకు అవార్డొచ్చిందని స్వీట్లు పంచిపిచ్చినవ్ బస్తీ మొత్తం. నీ మాట నేనెట్ల నమ్మాలె జెప్పు?"

పుష్పవల్లి ఫోన్లో రిపోర్టు తీసి చూపించింది. దేవమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, పైన పెద్దక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"పు-ష్ప-వ-ల్లి. గీడ నీ పేరుంది గదక్కా!"

"పేరు నాదే. ఎముకలు నీవి."

"పండుకున్నది నేనైతే ఏంది, ఆళ్లకి గలీజు మిషన్ ఉండొచ్చు. నా ఎముకలు రాయి లెక్క." దేవమ్మ తొడ మీద చప్పుడొచ్చేలా చరుచుకుంది. పుష్పవల్లి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి దేవమ్మ మొహంలో నవ్వు లేదు.

"ఒక మాట అడుగుతా, నిజం జెప్పు. ఆ షాటు నువ్వే జేస్తనని అందరికి జెప్పుకున్నవ్. ఇప్పుడు నాకొచ్చింది. అదేనా నీ బాధ?"

"దేవీ!"

"పదేండ్లాయె నాకు గింత మంచి షాటు రాక. గౌను ఏసి, లైట్లు పెట్టి, రెయిలింగ్ మీదికెళ్లి జర్రున జారుడు! మా మనవరాలికి గూడ చూపిస్తనన్న. నా కడుపు కొట్టకక్కా. పో, చాయ్ తాగి పో."

చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది పుష్పవల్లి. నిజం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి అరవయ్యేడేళ్లు సరిపోలేదు. అబద్ధమైతే ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆటోలో కూచుని ఆ విద్యకే పదును పెట్టుకుంది. స్కానింగ్‌కి డూపుని పంపించానని బయటపడిందా, వేషం పోతుంది, పోస్టర్ పోతుంది, మళ్లీ ఎవరూ పిలవరు. దేవమ్మని అసలే పిలవరు. కాబట్టి ఎవరికీ ఏమీ తెలియకుండానే షాటు ఆగిపోవాలి.

*

జూబ్లీహిల్స్‌లో షూటింగ్‌కి అద్దెకిచ్చే ఆ బంగళాలో హాలు ఎంత పెద్దదంటే, ఈ చివర కాఫీ ఆర్డరిస్తే ఆ చివరికి వెళ్లేసరికి చల్లారిపోతుంది. మధ్యలో వంపు తిరిగిన టేకు మెట్లు. పక్కన నున్నటి రెయిలింగ్, పైనించి కిందికి పాములా. శుక్రవారం పదింటికే లైట్లు పెట్టేశారు. కింద నీలం రంగు పరుపులు వేశారు. వందమంది అతిథులు జూసు గ్లాసుల్లో రంగునీళ్లు పట్టుకుని రెడీగా ఉన్నారు. అందరికీ ఒకటే ఉత్సాహం. మామ్మ జారుతుందట!

పదీ ఇరవైకి పుష్పవల్లి రిత్విక్ చెవిలో ఊదింది. "బాబూ, పదిన్నర నించి రాహుకాలం. మొదటి సినిమా. తరవాత నీ ఇష్టం."

రిత్విక్ నమ్మకాలు లేని కుర్రాడు. కానీ నిర్మాత పక్కనే కూచున్నాడు. షాటు పన్నెండుకి వాయిదా పడింది.

పన్నెండుకి డూపు గౌను కనపడలేదు. అది పుష్పవల్లి క్యారవాన్లో, సీటు కింద, ఇడ్లీ హాట్‌బాక్స్ వెనకాల ఉంది. లియో మాస్టర్ ఏమాత్రం కంగారు పడకుండా పెట్టె తెరిచి మూడో గౌను తీశాడు. "ఒకటి తగలబడితే అని ఎప్పుడూ ఒకటి ఎక్కువ కుడతానండీ" అన్నాడు. ఆ క్షణంలో ఆ మంచి మనిషిని పుష్పవల్లి మనసులో తిట్టిన తిట్లు అచ్చేస్తే లైబ్రరీ సరిపోదు.

పన్నెండున్నరకి ఆవిడ గుండెనొప్పి అని పడిపోయింది. నిజానికి పడలేదు, జాగ్రత్తగా సోఫా చూసుకుని దాని మీద వాలింది. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. "అమ్మా, ఎక్స్‌ప్రెషన్ సూపర్! క్లోజప్‌లో ఇదే ఇవ్వండి!" అన్నాడు రిత్విక్.

పైన దేవమ్మ వచ్చి నిలబడింది. మెరుపుల గౌను, తెల్ల సవరం. ఫైట్ మాస్టర్ నడుముకి తాడు కడతానంటే వద్దంది. "జారుడుకి తాడెందుకు మాస్టర్? చిన్న పిల్లలు జారతలేరా?" రెయిలింగ్ మీద చెయ్యి వేసి, ఒక కాలు ఎత్తబోయింది.

"ఆగండి!"

పుష్పవల్లి వెళ్లి పరుపుల మధ్యలో, రెయిలింగ్ కింది కొస దగ్గర అడ్డంగా నిలబడింది. కెమెరా ఫ్రేము నిండా ఆవిడే.

"ఏంటమ్మా ఇంకా?" అన్నాడు రిత్విక్, ఈసారి ముచ్చట లేకుండా.

"రెయిలింగ్ కదులుతోంది బాబూ."

ఇద్దరు మనుషులు పట్టుకుని ఊపారు. బంగళా కదిలింది గానీ రెయిలింగ్ కదల్లేదు.

"పాలిష్ ఎక్కువైంది. వేగంగా జారుతుంది."

"అదే కదమ్మా కావాల్సింది!"

"అక్కా, జరుగు!" పైనించి దేవమ్మ గొంతు. "నీ మీదికెళ్లి పడతా! జర పక్కకి జరుగక్కా!"

జనం నవ్వారు. హరిణి నవ్వలేదు. మానిటర్ పక్కన కుర్చీలోంచి లేచి, ట్యాబ్ చూసుకుంటూ పరుపుల మీదుగా నడిచొచ్చింది. రిపోర్టు మొదటి పేజీ తెరిచి ఉంది. ఆ పేజీకి పైన మూలగా కౌంటర్లో తీసిన ఫోటో. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది.

"అమ్మా, ఈ ఫోటోలో ఎడమ చెవి తమ్మె తెగి, మళ్లీ కుట్టించినట్టుంది."

"వెలుతురు అలా పడిందేమో."

హరిణి ఆవిడ చెవి వంక చూసింది. ముత్యాల కమ్మ, నున్నటి తమ్మె. తరవాత తలెత్తి మెట్ల పైకి చూసింది. "ఆవిడకి ఉంది, ఆ కుట్టు. ఇందాక మేకప్‌లో సవరం దువ్వి ఆ చెవి నేనే కప్పించాను."

పుష్పవల్లి దగ్గర మూడు అబద్ధాలు రెడీగా ఉన్నాయి. ఒకటి కవల చెల్లెలు. రెండోది స్కానింగ్ సెంటర్ వాళ్ల పొరపాటు. మూడోది మళ్లీ గుండెనొప్పి. మూడూ మంచివే, మూడూ నడుస్తాయి. పైన దేవమ్మ ఆలస్యం భరించలేక రెయిలింగ్ మీదికి ఒక కాలు వేసి కూచోబోతోంది.

"ఆ ఫోటో దేవమ్మది" అంది పుష్పవల్లి. "ఆ ఎముకలూ దేవమ్మవే. నా పేరు చెప్పి స్కానింగ్‌కి నేనే పంపించాను. డాక్టరమ్మ ఫోన్ చేసి పడొద్దంది, వంగొద్దంది, తుమ్మడానికి కూడా జాగ్రత్తంది. అదంతా దానికి. నాకు కాదు. మాస్టారూ, దాన్ని దింపండి. చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టు."

ఎవరో ఒకరిద్దరు అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగిపోయారు. ఫైట్ మాస్టర్ అప్పటికే రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. దేవమ్మ రెయిలింగ్ మీంచి కాలు తీసి, రెండు చేతులా దాన్ని పట్టుకుని, ఉన్నచోటే మెట్టు మీద మెల్లిగా కూచుంది.

"నిజమేనా అక్కా?" అంది.

"నిజమే దేవీ. నిన్న చెప్పింది కూడా నిజమే."

హరిణి ట్యాబ్ గుండెకి ఆనించుకుని, నెమ్మదిగా అడిగింది.

"మరి మీ ఎముకల సంగతేంటమ్మా?"

"తెలీదమ్మా. చూపించుకోలేదు" అంది పుష్పవల్లి. "భయమేసింది. భయమేసినప్పుడల్లా దేవమ్మని పంపించడం నాకలవాటు."